పసుపు పోస్టర్ "ఫిల్మ్ గ్రాంట్"కి డబ్బు కట్టకండి: చూడని టీజర్‌కి మార్కులేశారు

"25 లక్షల ప్రొడక్షన్ గ్రాంట్, ఐదు కథలకే!" సినిమా తియ్యడానికి తిరిగివ్వక్కర్లేని డబ్బు ఇస్తామని ఒక సంస్థ వేసిన పసుపు పోస్టర్ ఇది, నెలన్నరగా మన సినిమా గ్రూపులన్నిట్లో అదే. పేరు రాస్తే నోటీసు పంపుతారట, అందుకే రాయట్లేదు. ఎంట్రీకి 4,500, తర్వాత "షార్ట్‌లిస్ట్ ప్రాసెసింగ్" అని 12,000. మొత్తం 16,500 గోవిందా. పదిమందికి అప్లికేషన్లు దిద్దిపెట్టే నేనే పప్పులో కాలేశాను, ఇంక ఎవర్ననాలి?

డబ్బు సంగతి అలా ఉంచండి. టీజర్ విమియోలో (వీడియోలు పెట్టుకునే సైటు) పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చాను. నిన్న పొద్దున "జ్యూరీ స్కోర్‌షీట్" వచ్చింది. టీజర్‌కి పదికి ఆరు. కామెంట్: "సెకండాఫ్‌లో పేస్ తగ్గింది." విమియోలో చూస్తే ఆ లింకుకి ప్లేలు సున్నా. సున్నా! ఒకటిన్నర నిమిషం టీజర్‌కి సెకండాఫ్ ఎక్కడిదో ఆ జ్యూరీకే తెలియాలి. కింద ఇంకో ఆణిముత్యం: "తల్లి పాత్రలో ఎమోషన్ పెంచాలి." నా కథలో తల్లి లేదు. బోరు బండి మీద ముగ్గురు మగాళ్లు, ఒక రాత్రి, అంతే కథ.

ఆ సంస్థకి ఫోన్ చేస్తే ఎత్తినవాడు ఏమన్నాడో వినండి. "మీరు క్రియేటివ్ పర్సన్ కదా బ్రదర్, ఈ వ్యూస్ లెక్కలు మీకెందుకు? 35,000 కట్టండి, మా మెంటర్ డెక్ రీవర్క్ చేస్తాడు, సెకండ్ రౌండ్‌లో పెట్టేద్దాం." డెక్ అంటే సినిమాని పరిచయం చేసే స్లైడ్లు. ఆరుని ఎనిమిది చెయ్యడానికి రేటు 35,000 అన్నమాట. ఆ రేటు కూడా పోస్టర్ మీదే వేసుంటే కృష్ణానగర్ మొత్తం వరస కట్టేది.

అసలు సెలెక్షన్ ఎలా జరుగుతుందో తెలిసుండి మోసపోయాను, అదీ మంట. పేరున్న ఫండ్లు మామూలుగా ముందు కాగితాలు చూస్తాయి: సినాప్సిస్ (కథ సారాంశం), డైరెక్టర్ నోట్ (ఎలా తీస్తాడో), బడ్జెట్, ఫైనాన్స్ ప్లాన్ (ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో), కథ మీద హక్కు పత్రం. చాలా అప్లికేషన్లు ఇక్కడే పోతాయి. బడ్జెట్ మొత్తం ఒకటి, ఫైనాన్స్ ప్లాన్ మొత్తం ఇంకొకటి ఉంటే కథ ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. తర్వాత ఒక్కో స్క్రిప్టు ఎక్కువగా ఇద్దరైనా విడివిడిగా చదువుతారు, ఒకరి మార్కులు ఇంకొకరికి కనిపించకుండా. తేడా మరీ ఎక్కువొస్తే మూడో మనిషికి వెళ్తుంది. వాళ్ల నోట్‌లో పాత్ర పేరుంటుంది, ఫలానా సీన్ అని ఉంటుంది. తెలిసినవాళ్ల ప్రాజెక్టు వస్తే ఆ జ్యూరీ మెంబరు లేచి బయటికెళ్తాడు. చివరికి ఇంటర్వ్యూ, అక్కడ సగం ప్రశ్నలు డబ్బు మీదే: చేతిలో ఎంతుంది, రావాల్సింది ఎంత, దానికి లెటర్ ఉందా. సెలెక్టయినా ఒకేసారి ఇవ్వరు. అగ్రిమెంట్ అప్పుడు కొంత, షూటింగ్ మొదలయ్యాక కొంత, రఫ్ కట్ (తొలి ఎడిటింగ్) చూశాక కొంత.

వీళ్ల ఫారంలో బడ్జెట్ కాలమే లేదు. 25 లక్షలు ఇచ్చేవాడు వాటితో ఏం చేస్తావని అడగలేదు. ఆ రోజే ఫారం చించెయ్యాల్సింది.

ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంట్రీ ఫీజు మామూలే, కాదనను. ఫండ్ లెక్క వేరు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ ఫెస్టివల్ వాళ్ల హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ స్క్రిప్టు దశలో 10,000 యూరోలు ఇస్తుంది. అక్కణ్నుంచి డబ్బు మన వైపు వస్తుంది. ఇక్కడ ప్రతి మెట్టు మీదా మన జేబులోంచే పోతోంది. ఇంకా ఈ పోస్టర్ వాళ్లు "ఫిల్మ్ బజార్‌తో టై-అప్" అని ఊదరగొడుతున్నారు. గోవాలో ఎన్‌ఎఫ్‌డీసీ (కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ) 2007లో మొదలుపెట్టిన ఆ మార్కెట్ ముఖ్యమైన పని మనల్ని ప్రొడ్యూసర్ల ముందు కూర్చోబెట్టడం. ఆ పేరు చెప్పినంత మాత్రాన గ్రాంట్ వచ్చేసినట్టు కాదు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఫారంలో 11వ క్లాజు చదవండి: "సబ్మిట్ చేసిన కంటెంట్‌ను సంస్థ ఏ రూపంలోనైనా వాడుకోవచ్చు." కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీకి రాత, సంతకం ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. ఆన్‌లైన్ ఫారంలో మనం పెట్టిన టిక్కు సంతకం కిందకి వస్తుందా రాదా అని తేల్చుకోవాలంటే మళ్లీ లాయరుకి ఫీజు.

స్క్రిప్టు ఎవరికైనా పంపేముందు కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చెయ్యండి, సాహిత్య రచన కింద 500 రూపాయలే. టీజర్ ప్లే కౌంట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. యూపీఐలో కట్టినవాళ్లు ట్రాన్సాక్షన్ నంబరుతో 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) చెప్పండి, కార్డయితే బ్యాంకులో డిస్ప్యూట్ వెయ్యండి.

ఈ నెల 15 లాస్ట్ డేట్ అంటున్నారు. అది మూడోసారి పొడిగించిన లాస్ట్ డేట్.