ఘానా పల్లెలో కుట్టు నేర్పడం: మనం వెళ్లడం మేలా, అక్కడి మేడమ్‌కే ఫీజు కట్టడం మేలా?

టైలరింగ్ చేయి తిరిగినవాళ్లు, పిల్లలు స్థిరపడి కాస్త తీరిక దొరికినవాళ్లు "ఆఫ్రికా వెళ్లి ఓ పల్లెలో కుట్టు నేర్పితే ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. మంచి మనసుతో అడిగే మాటే. పశ్చిమాఫ్రికాలోని ఘానాను తీసుకుని చూద్దాం: మనం వెళ్లి నేర్పడమా, అక్కడ కుట్టు నేర్పే 'మేడమ్'కు ఓ పేద అమ్మాయి తరఫున ఫీజు కట్టడమా?

అందరి కంటా ముందు పడేది ఏజెన్సీకి డబ్బు కట్టి రెండు నుంచి నాలుగు వారాలు వెళ్లొచ్చే పద్ధతి. టికెట్లు, ప్రోగ్రామ్ ఫీజు, బస, తిండి అన్నీ మన ఖర్చే. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి (హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు). ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఎయిర్‌పోర్టు నుంచి క్వారంటైన్‌కే పంపొచ్చు. ఇంతా చేసి వెళ్తే, నేర్చుకునే అమ్మాయికి పెడల్ మీద కాలు కుదిరి, కుట్టు తిన్నగా పడే సమయానికి మనం పెట్టె సర్దుకుంటాం.

అంతకన్నా పెద్ద చిక్కు, అక్కడ టైలర్లకు కొరత లేదు. కాబా అండ్ స్లిట్ అని ఆడవాళ్లు వేసుకునే జత ఉంటుంది: ఒంటికి అతికినట్టుండే జాకెట్టు, కింద పొడవాటి స్కర్టు. వ్యాక్స్ ప్రింట్ (మైనం అద్దకం తరహా రంగుల నూలు) గుడ్డ మీద పెద్ద పెద్ద పూలు, పిట్టలు ఉంటాయి. ఆ డిజైన్ ఎదమీద సరిగ్గా మధ్యకు వచ్చేలా, చేతుల మీద రెండు వైపులా ఒకేలా పడేలా కత్తిరించాలి. మంచి టైలరమ్మ పేపర్ కటింగ్ జోలికి పోకుండా సుద్దతో గీసి కత్తెర పెట్టేస్తుంది. ఆమె ముందు మనమే శిష్యులం. పోనీ గౌన్లు, చొక్కాలు నేర్పుదామంటే, అక్రాలోని కాంటమాంటో మార్కెట్లో యూరప్, అమెరికాల నుంచి బేళ్లకొద్దీ దిగే పాత బట్టల ధరతో కొత్తగా కుట్టినవి పోటీ పడలేవు. కొలతలిచ్చి కుట్టించుకునే పెళ్లి బట్టలు, అంత్యక్రియలకు వేసే నలుపు, ఎరుపు దుస్తులు, స్కూలు యూనిఫాంలు అయితే కూలి గిట్టుబాటవుతుంది. వాటి పని తెలిసింది అక్కడివాళ్లకే.

అందుకే నేను మేడమ్ దారికే ఓటేస్తాను. ఘానాలో చేతిపనులు ఎక్కువగా గురువు దగ్గరే నేర్చుకుంటారు. కుట్టు నేర్పే ఆమెను మేడమ్ అంటారు. అమ్మాయి రెండు మూడేళ్లు షాపులో ఉంటుంది: ఊడ్చడం, కుట్లు విప్పడం, హెమ్మింగ్, ఆ తర్వాతే కత్తెర. చేరేటప్పుడు ఫీజు కట్టాలి, చాలాచోట్ల మెషిన్ కూడా తెచ్చుకోవాలి. పేదింటి అమ్మాయి ఆగిపోయేది ఇక్కడే. మన విమానం టికెట్ డబ్బు ఇక్కడికి మళ్లితే ఆమె శిక్షణ పూర్తవుతుంది. పని నేర్చుకున్న రోజు తెల్ల పౌడర్ చల్లి, వాద్యాలతో వేడుక చేస్తారు. అప్పటికే ఊళ్లో గిరాకీలు ఆమెకు తెలిసి ఉంటారు. అమ్మాయిని ఇంటిపనికే వాడుకునే మేడమ్‌లూ ఉంటారు. కాబట్టి ఫీజంతా ఒకేసారి ఇవ్వకుండా, స్థానిక సంస్థ ద్వారా వాయిదాల్లో, పని నేర్పారని చూసుకుంటూ కట్టాలి.

ఊళ్లో అసలు లేని పనైతే లెక్క వేరు. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీకి ఆఫ్రికా పల్లెల నుంచి ఆడవాళ్లు వచ్చి నెలల తరబడి ఉండి సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. ఖర్చు ఇతర దేశాలవాళ్లకు శిక్షణ ఇప్పించే మన ప్రభుత్వపు ఐటెక్ పథకం భరించింది. ఉమ్మడి భాష లేదు, రంగుల గుర్తులు, చేతి సైగలే పాఠం. మనిషిని ఎంపిక చేసేది ఊరు, నేర్చుకున్నాక ఆమె తిరిగి వెళ్లేదీ ఆ ఊరికే. కొత్త పనికి ఇది మన చిన్న ట్రిప్పు కంటే ఎంతో మేలు.

వెళ్లి తీరాలనుకుంటే ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పథకం లాంటిది చూడండి. నెలనెలా జీవనభత్యం ఇస్తారు, కానీ వాళ్లు అడిగిన పోస్టుకు మన చదువు, అనుభవం సరిపోవాలి. ఐటీఐలో పాఠం చెప్పినవాళ్లకు, మెషిన్ రిపేరు చేతనైనవాళ్లకు ఇది ప్రయత్నించదగ్గ దారి. షటిల్ టైమింగ్ (సూది దిగే వేళకు కింది షటిల్ దారాన్ని అందుకునేలా) సరిచేయడం నలుగురు మేడమ్‌లకు నేర్పితే వాళ్ల షాపుల్లో మూలపడ్డ మెషిన్లు మళ్లీ నడుస్తాయి. ఏ సంస్థ అయినా సరే, టూరిస్టు వీసా మీద వచ్చి పనిచేయమంటే ఒప్పుకోకండి.