ఆరేళ్ల వాడకం తర్వాత: క్యాలెండర్ యాప్‌లో ‘ఏటా’ అన్న మీట గురించి

క్యాలెండర్ యాప్‌లో రిమైండర్ ఎలా పెట్టాలో, రంగులు ఎలా మార్చాలో నేను చెప్పక్కర్లేదు. ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌నే 2020 నుంచి వాడుతున్నాను. మధ్యలో రెండు ఫోన్లు మారాయి, యాప్ మాత్రం మారలేదు. ఇంటి పని, ఆఫీసు పని అంతా దాని మీదే నడుస్తోంది. అయినా ఈ సమీక్ష దాదాపు మొత్తం అందులోని ఒక్క మీట గురించే. ‘రిపీట్’ నొక్కితే రోజూ, వారానికోసారి, నెలకోసారి, ఏటా అని జాబితా వస్తుంది కదా, అందులో చివరిది. దాని మీద నాకున్న కోపం నాలుగేళ్లయినా చల్లారలేదు.

తేదీతో ముడిపడ్డ పనులకైతే వంక పెట్టలేను. మా ఇల్లు నల్లకుంటలో. జీహెచ్‌ఎంసీకి ఆస్తిపన్ను ఏప్రిల్ నెలాఖరులోపు కడితే వచ్చే 5 శాతం రాయితీని యాప్ పెట్టుకున్నాక ఒక్క ఏడాదీ వదులుకోలేదు. బండి ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పాప స్కూలు ఫీజులు, ఫిల్టర్ మార్చే రోజు, అన్నీ టైముకు మోగుతాయి. ఆఫీసులో నలుగురి చేత నేనే దగ్గరుండి పెట్టించాను. ‘ఇక గోడ క్యాలెండర్‌తో పని లేదు’ అని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట అనడం లేదు.

మా నాన్న 2020 ఫిబ్రవరి 7న, శుక్రవారం మధ్యాహ్నం పోయారు. మాఘ శుద్ధ త్రయోదశి. ఆ రాత్రే ఎందుకో ఫోన్‌లో ఆ తేదీ వేసి ‘ఏటా’ నొక్కాను. మరుసటి ఏడాది ఫిబ్రవరి 7న ఫోన్ మోగింది. అమ్మ గోడ మీది క్యాలెండర్ చూసి, ‘ఇంకా మాఘమే రాలేదు, తిథి 25న’ అంది. మధ్యలో అధిక ఆశ్వయుజం వచ్చింది కాబట్టి అన్నీ వెనక్కి జరిగాయి. 25నే సంవత్సరీకం పెట్టుకున్నాం. ఫోన్‌లో 7 తీసేసి 25 వేశాను, మళ్లీ ‘ఏటా’ నొక్కాను.

తిథులు ఏటా కదులుతాయని నాకు తెలుసు. వచ్చే సంక్రాంతి వెళ్లాక పంచాంగం చూసి తేదీ సరిచేద్దామనే అనుకున్నాను. కానీ సంక్రాంతి వచ్చేసరికి ఫోన్‌లో ఎంట్రీ ఉందన్న ధైర్యం ఒక్కటే మిగిలింది, సరిచేయాలన్న సంగతి మిగల్లేదు. ఫోన్‌లో ఏమీ లేకపోయుంటే బహుశా నేనే వెతుక్కునేవాణ్ని. పైగా అమ్మతో కూడా అన్నాను: ‘ఇక నువ్వు లెక్కపెట్టుకోవాల్సిన పని లేదమ్మా, ఫోనే చెప్తది.’

2022 ఫిబ్రవరి మొదటి వారంలో అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. చుక్కల మందు రోజుకు ఎన్నిసార్లు వేయాలో అన్నీ యాప్‌లోనే పెట్టాను. ఒక్కసారి కూడా తప్పలేదు. మా ఆవిడ ఒక పూట, నేను ఒక పూట, అలారం మోగగానే వేశాం. అమ్మకు ఎప్పుడూ ఒక లెక్క ఉండేది. రథసప్తమి నాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని తలస్నానం చేసి, అక్కడి నుంచి ఆరు తిథులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేది. ఆ యేడు రథసప్తమి 7వ తేదీన. తల మీద నీళ్లు పోసుకోవద్దని డాక్టరు చెప్పారు. స్నానం లేదు, జిల్లేడాకులు లేవు, ఆ రోజు మామూలు రోజులాగే గడిచిపోయింది. లెక్క మొదలవ్వనే లేదు. కళ్లకు నల్లద్దాలు, గోడ మీది క్యాలెండర్ అక్షరాలు కనిపించవు.

15వ తేదీ, మంగళవారం, ఆఫీసులో ఉండగా హనుమకొండ నుంచి అక్క ఫోన్ చేసింది. ‘ఏరా, నిన్న నాన్న తద్దినం మంచిగ జరిగిందా? నువ్వే ఫోన్ జేస్తవని చూసిన’ అంది.

నాకు నోట మాట రాలేదు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి యాప్ తెరిచాను. 14న అమ్మ చుక్కల మందు నాలుగు సార్లు, ఆఫీసు మీటింగు ఒకటి. నాన్న పేరు 25 కింద ఉంది. ఇంకా పది రోజులుంది అన్నట్టు నిబ్బరంగా ఉంది. అక్కకు ఏం చెప్పానో గుర్తు లేదు. నాంపల్లి నుంచి ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆలోచన, అమ్మకు ఎలా చెప్పాలి అని. చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ‘నాకే కండ్లు కనవడకపాయె, లేకుంటే యాదికుండేది’ అంది. తప్పు తన మీద వేసుకుంది. నాకు ఈ యాప్ మీద కోపం నిలిచిపోయింది ఆ ఒక్క మాటతోనే.

శంకర మఠం వైపు ఉండే మా పురోహితుడిగారి దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్లాను. తప్పిన తద్దినాన్ని ఆ నెల బహుళ ఏకాదశి నాడో, అమావాస్య నాడో పెట్టుకోవచ్చని చెప్పారు. మార్చి 2, అమావాస్య, శివరాత్రి మర్నాడు పెట్టుకున్నాం. అన్నీ సక్రమంగానే జరిగాయి. కానీ ఆ మధ్యలో, ఫిబ్రవరి 25 ఉదయం, ఫోన్ మోగింది: ‘ఈ రోజు: నాన్న’. అప్పుడే ఆ ఎంట్రీని తీసేశాను. అది అడిగింది, ఈ ఒక్కటి తీసేయాలా, ఇక ముందు వచ్చేవన్నీ తీసేయాలా అని. అన్నీ అని నొక్కాను.

ఇంత పెద్ద యాప్‌కు తిథి ఎందుకు తెలియదని మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుణ్ని అడిగాను. వాడు ఓపిగ్గా చెప్పాడు. క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఐక్యాలెండర్ అని ఒక ప్రమాణం ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసిపెట్టే పత్రం). అందులో రోజు, వారం, నెల, ఏడాది అన్నీ ఇంగ్లీషు తేదీల లెక్కే. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 పేరుతో ఒక చేర్పు వచ్చింది, చైనా పంచాంగం, హీబ్రూ పంచాంగం లాంటి వాటి ప్రకారం కూడా ‘ఏటా’ రాసుకునే వీలు అందులో ఉంది. మరి మన తిథికి? చంద్రుడు సూర్యుణ్ని దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అది ఒకసారి 20 గంటలకే అయిపోతుంది, ఒకసారి 26 గంటలు దాటుతుంది. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి గీసిన గడిలో పట్టదు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి ఏటా 11 రోజులు ముందుకొస్తుంది, 32, 33 నెలలకోసారి అధికమాసం వచ్చి వెనక్కి నెడుతుంది. నా యాప్ సెట్టింగుల్లో ‘ఇండియన్’ అని మరో క్యాలెండర్ కనిపిస్తే ఆశగా పెట్టి చూశాను. అది 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వం వాడుతున్న శక క్యాలెండర్. నెలల పేర్లు చైత్రం, వైశాఖమే గానీ సౌరమానం. అందులో మాఘం ఉంది, త్రయోదశి లేదు.

లెక్క కష్టమని ఒప్పుకుంటాను. నా ఫిర్యాదు లెక్క రాలేదని కాదు. ‘ఏటా’ నొక్కినప్పుడు ‘ఇది ఇంగ్లీషు తేదీ ప్రకారమే వస్తుంది’ అని ఒక్క వాక్యం చూపిస్తే చాలు. ఇన్ని కోట్ల మంది తిథి ప్రకారం పెద్దల్ని తలుచుకునే దేశంలో ఆ వాక్యం ఉండాలి.

ఇప్పుడు నేను ఊహించని మేలు గురించి. 2022 ఉగాదికి అక్క మా ఇంటికొచ్చింది, సంచిలో కొత్త పంచాంగంతో. అదే యాప్‌లో ‘తిథులు’ అని విడిగా ఒక క్యాలెండర్ తెరిచి, మా అందరికీ షేర్ చేయమంది. నాన్నది, తాతయ్యది, నానమ్మది, మేనత్తది, ఆ ఏడాదికి మాత్రమే పడే తేదీలు ఒక్కొక్కటే వేయించింది. రిపీట్ లేదు. వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి మోగేలా పెట్టించింది. అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ ఇదే పని. యాప్‌లో షేరింగ్ ఉందని ముందే తెలుసు, ఆఫీసులో వాడాను కూడా. ఇంట్లో ఇంత పనికొస్తుందని అనుకోలేదు.

2024లో దాని విలువ తెలిసింది. గోడ క్యాలెండర్‌లో త్రయోదశి ఫిబ్రవరి 22 కింద ఉంది, సూర్యోదయానికి ఉన్న తిథి కాబట్టి. నేనైతే 22 వేసేవాణ్ని. అక్క 21 వేసింది. తద్దినానికి చూడాల్సింది అపరాహ్ణ కాలంలో, అంటే సుమారు ఒంటిగంటన్నర తర్వాతి వేళలో, ఉన్న తిథి అని, 22న మధ్యాహ్నం ఒంటిగంటన్నర లోపే త్రయోదశి వెళ్లిపోతోందని, పురోహితుణ్ని అడిగి మరీ వేసింది. ఈ తేడా తెలిసిన యాప్ వచ్చినా నేను అక్కనే అడుగుతాను.

తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. మొదట్లో అక్క తిథిని ఉదయం 9 గంటలకని వేస్తే, వాడి ఫోన్‌లో అది ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు కనిపించింది. వాడు కంగారుపడి ఫోన్ చేశాడు. ‘ఆల్ డే’ అని మార్చాక రెండు చోట్లా ఒకే తేదీ చూపిస్తోంది. కానీ అది కూడా పూర్తిగా సరికాదు. 2023లో మాకు ఫిబ్రవరి 3 అయితే, అక్కడి మధ్యాహ్నానికి త్రయోదశి 2వ తేదీనే ఉంది. కాబట్టి వాడి కోసం అక్క ఇప్పుడు రెండో ఎంట్రీ వేస్తుంది, ‘డల్లాస్’ అని రాసి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం ఎంట్రీ కింద ఉండే నోట్స్ గడి. అక్క అందులో భోక్తలుగా ఎవరొచ్చారో, దక్షిణ ఎంత ఇచ్చామో, వంటలో ఏం చేశామో రాయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది పాత ఎంట్రీని కాపీ చేసి తేదీ మారుస్తుంది, రాసినదంతా అలాగే వస్తుంది. తర్వాత తమ్ముడు ఒక లైను చేర్చాడు: నాన్న రైల్వేలో రాత్రి డ్యూటీ దిగి వస్తూ సికింద్రాబాద్ స్టేషన్ బయట మా కోసం జామకాయలు కొనేవారని. ఆ సంగతి నేను మర్చిపోయాను. ఇప్పుడది ఏటా నా ఫోన్‌లో కనిపిస్తుంది.

షేరింగ్‌లోనూ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. మొదట అందరికీ మార్పులు చేసే హక్కు ఇచ్చాను. మా పాప తన ఫోన్‌లో గందరగోళంగా ఉందని రెండు తిథులు తీసేస్తే, అవి ఏడుగురి ఫోన్లలోంచీ పోయాయి. అక్క గమనించింది కాబట్టి బిన్‌లోంచి వెనక్కి తెచ్చుకున్నాం. ఇప్పుడు మార్చే హక్కు అక్కకు, నాకు మాత్రమే. ఇంకోటి, రోజుకు పాతిక అలర్టులు వచ్చే ఫోన్‌లో తిథి అలర్టు కూడా వాటి మధ్యే వస్తుంది, వేలు అలవాటుగా పక్కకు తోసేస్తుంది. అందుకే అలారం శబ్దం వేరేది పెట్టుకున్నాను, వంటింట్లో గోడ క్యాలెండర్ మళ్లీ తగిలించాను. అమ్మకు కళ్లు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. నెల మారగానే పేజీ తిప్పేది ఆమే.

యాప్ తీసుకోవచ్చా అని అడిగితే, మీ ఇంట్లో బిల్లులు, ఫీజులు, మీటింగులే ఎక్కువైతే నిశ్చింతగా తీసుకోండి, ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తిథులు కూడా ఉంటే, ఉగాది నాడు పంచాంగం ముందేసుకుని కూర్చునే మనిషి ఇంట్లో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మాకు అక్క ఉంది కాబట్టి నాలుగు. ఆమె లేకుంటే ఎంత ఇచ్చేవాణ్నో తెలియదు. ఈ యేడు జనవరి 30న నాన్న తద్దినం వేళకు జరిగింది. మొన్న మార్చి 19న, ఉగాది సాయంత్రం, అక్క పరాభవ నామ సంవత్సరం తేదీలన్నీ వేసేసింది. మేలో అధిక జ్యేష్ఠం వస్తోంది కాబట్టి నాన్నది మళ్లీ ఫిబ్రవరి మూడో వారంలోకి జరిగింది. ఎంట్రీ కింద ఈసారి అమ్మ కూడా ఒక లైను చెప్పి రాయించింది.