బొలోన్యా వాకింగ్ టూర్: 5కి 3 స్టార్లు, ఆ మూడూ గైడ్‌కే

అక్టోబర్‌లో అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు మ్యూనిక్ నుంచి ట్రైన్‌లో ఇటలీలోని బొలోన్యా వెళ్ళాం, మూడు రోజులకి. మొదటి రోజు మూడు గంటల వాకింగ్ టూర్ బుక్ చేశా, "నెమ్మదిగా నడుస్తాం, చిన్న గ్రూపు" అని రాసుంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి అదొక్కటే చూసి డబ్బులు కట్టేశా. కంపెనీ పేరు ఎందుకులెండి. చిన్న గ్రూపంటే ఇరవై రెండు మంది, నెమ్మదంటే ముందు గైడ్ పట్టుకున్న గొడుగు కనిపించకుండా పోయేంత స్పీడు.

గైడ్ అమ్మాయి మాత్రం నిజంగా బాగా చెప్పింది, ముఖ్యంగా పోర్టికోల గురించి. అంటే ఇళ్ళ ముందు స్తంభాల మీద కప్పేసిన నడవలు, ఊరంతా కలిపితే 62 కిలోమీటర్లట, 2021లో యునెస్కో లిస్టులోకి ఎక్కాయి. 1088 నుంచి యూనివర్సిటీ ఉన్న ఊరు కదా, స్టూడెంట్లు, పనివాళ్ళు వచ్చిపడుతుంటే ఇళ్ళు చాలక పై అంతస్తులు వీధి మీదకి ముందుకి పెంచి కట్టుకుంటూ పోయారు, కింద స్తంభాలు పెట్టారు. మిగతా ఊళ్ళలో అయితే ఇలాంటివి పీకించేసేవాళ్ళేమో, ఇక్కడ 1288లో కొత్త ఇంటికి పోర్టికో ఉండాల్సిందేనని రూల్ పెట్టారు, అదీ గుర్రం మీద మనిషి వెళ్ళేంత ఎత్తులో. స్థలం ఇంటివాళ్ళది, దారి జనానిది. అమ్మకి ఇది నేను తెలుగులో చెప్తుంటే "మన వసారానే కదే, కాకపోతే ఒకళ్ళ వసారాలోంచి ఇంకొకళ్ళ వసారాలోకి ఊరంతా వెళ్ళిపోవచ్చు" అంది. గైడ్ కంటే బాగా చెప్పింది.

ఇంక కంప్లయింట్లు. పొదెస్తా ప్యాలెస్ కింద ఒక కమాను ఉంది, ఎదురెదురు మూలల్లో గోడకి మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే అవతలి మూలకి వినిపిస్తుంది, దానికి ఇరవై రెండు మందికీ కలిపి ఐదు నిమిషాలిచ్చారు, మా వంతు రానేలేదు. రెండు టవర్ల దగ్గర బారికేడ్ బయట నిలబెట్టి ఫోటో తీసుకోమన్నారు, అది వాళ్ళ తప్పు కాదు, గారిసెండా అనే వాలిన టవర్‌కి ప్రమాదం ఉందని 2023లోనే మూసేశారు, పక్కన 97 మీటర్ల అసినెల్లి కూడా ఎక్కనివ్వట్లేదు. (డిగ్రీ చేతికి రాకముందు అసినెల్లి ఎక్కితే పాసవ్వరని స్టూడెంట్లకి ఓ నమ్మకం, మనవాళ్ళు ఒక్కళ్ళే కాదన్నమాట.)

నాకు బాగా మండింది సాన్ పెత్రోనియో చర్చిలో. నేల మీద 1655లో కస్సీని అనే ఖగోళ శాస్త్రవేత్త గీయించిన గీత ఉంది, 67 మీటర్ల దాకా పొడవు, పైకప్పులో చిన్న కన్నంలోంచి మధ్యాహ్నం ఎండ దాని మీద పడుతుంది. మేం వెళ్ళిన రోజుల్లో అది ఒంటిగంట ప్రాంతంలో. వీళ్ళు పన్నెండున్నరకే బయటికి లాక్కొచ్చి చివరి అరగంట ఒక మోర్తదెల్లా (పంది మాంసం సాసేజ్) కొట్లో నిలబెట్టారు, కొనమని చెప్పలేదులే గానీ కొనకుండా బయటికి రావడం కష్టమే. శనివారం కదా, అమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

మర్నాడు మేమిద్దరమే మళ్ళీ వెళ్ళాం. గీత పక్కన నిలబడితే పళ్ళెమంత వెలుగు మెల్లగా పాక్కుంటూ వచ్చి గీతని దాటింది, పక్కన ఓ పెద్దాయన వాచీ చూసుకుని తలూపాడు. పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత కమాను దగ్గరికెళ్ళి అమ్మ అటు మూల, నేను ఇటు మూల, "కాఫీ తాగుదామా" అని గోడలోంచి వినిపించింది. బార్‌లో నిలబడి తాగితే కాఫీ చవక, కూర్చుంటే రేటు మారుతుంది, మేం కూర్చునే తాగాం, మోకాళ్ళు. వెజిటేరియన్లకి రికోట్టా అనే మెత్తటి చీజ్ లోపల పెట్టిన తోర్తెల్లోని పాస్తా, వెన్న, సేజ్ ఆకుతో చేస్తారు, అడిగి తీసుకోండి. బిల్లులో మనిషికింత అని కోపెర్తో, అంటే టేబుల్ ఛార్జీ, వేస్తారు, అది మోసం కాదు.

మూడో రోజు సాన్ లూకా. పోర్తా సారగోజ్జా దగ్గర్నుంచి కొండ మీద గుడి దాకా 666 కమానులు, నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ, అంతా కప్పే, 1674లో మొదలుపెట్టారు. ఏటా అమ్మవారి, అంటే మేరీమాత, పటాన్ని ఊళ్ళోకి దించేటప్పుడు వానకి తడవకుండా. "అలిపిరి దారిలాగే ఉందే" అంది అమ్మ, అక్కడా కప్పు ఉంటుంది కదా. కొండ కింద ఉన్న మెలోన్చెల్లో దాకా చదును, తర్వాతే ఏటవాలూ మెట్లూ. పది కమానులకోసారి కూర్చుంటూ రెండున్నర గంటల్లో ఎక్కాం, దిగేటప్పుడు టూరిస్టు బండి ఎక్కేశాం.

టూర్‌కి పెట్టిన డబ్బుతో ఇద్దరం రెండు పూటలు తినేవాళ్ళం. పోర్టికోల కథ వినాలంటే తీసుకోండి, కానీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వద్దు. మంచి బూట్లు వేసుకోండి, పాత రాతి గచ్చు నున్నగా అరిగిపోయి తడిస్తే జారుతుంది, నేను ఒకసారి పడబోయా.