డల్లాస్ నుంచి న్యూ ఆర్లీన్స్: స్ప్రింగ్ బ్రేక్‌లో ఇళ్లు కట్టే పని

మయామీ టికెట్ల రేట్లు చూశాక మా గ్యాంగ్ స్ప్రింగ్ బ్రేక్ (మార్చి సెలవులు) ప్లాన్ మారిపోయింది. యూనివర్సిటీ వాలంటీర్ క్లబ్‌తో వ్యాన్‌లో న్యూ ఆర్లీన్స్ వెళ్లి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ సైట్‌లో పని చేసొచ్చాం. వెళ్దామనుకునే ఎంఎస్ పిల్లల కోసం ఇది.

దారి సుమారు 500 మైళ్లు. ఐ-20 హైవే మీద ష్రీవ్‌పోర్ట్ దాకా, అక్కణ్నుంచి ఐ-49 పట్టుకుని కిందికి. లాఫాయెట్ దగ్గర ఐ-10 ఎక్కితే అట్చఫలాయా చిత్తడి నేలల మీద 18 మైళ్ల వంతెన వస్తుంది, చూసి తీరాల్సిందే. కానీ బ్యాటన్ రూజ్‌లో మిసిసిపీ నది దాటగానే లేన్లు తగ్గిపోయి ట్రాఫిక్ ఆగిపోతుంది. సాయంత్రం పూటైతే ఓపెలూసస్ దగ్గరే యూఎస్-190 తీసుకోండి. వ్యాన్ అద్దెకిచ్చినవాళ్లు, డ్రైవర్‌కి 25 ఏళ్లు నిండకపోతే అదనపు ఛార్జీ అని కౌంటర్ దగ్గరికి వెళ్లేదాకా చెప్పలేదు. బుక్ చేసేటప్పుడే అడిగేయండి.

బస ఒక చర్చి హాల్లో, బంకు మంచాల మీద. శుభ్రంగా ఉంది, చవక. వేడినీళ్లు మాత్రం ముందు లేచినవాళ్లకే. కిచెన్ వాడుకోనిచ్చారు కాబట్టి కుక్కరూ ఆవకాయా మమ్మల్ని కాపాడాయి.

ఇక పని. 2005లో కత్రినా హరికేన్‌కి ఈ నగరంలో 80 శాతం మునిగింది. తర్వాత అప్పర్ నైన్త్ వార్డ్‌లో జాజ్ సంగీతకారులు హ్యారీ కానిక్ జూనియర్, బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ చొరవతో హ్యాబిటాట్ కట్టిన మ్యుజీషియన్స్ విలేజ్ ఇప్పటికీ రంగురంగుల ఇళ్లతో కళకళలాడుతోంది. ఒక సాయంత్రం అటు నడిచి రండి.

ఇటుకలు, శ్లాబులు చూసి పెరిగిన మనకు చెక్క ఇల్లంటే మొదట నమ్మకం కుదరదు. 16 అంగుళాలకొక నిలువు చెక్క పెట్టి, ఫ్రేమంతా నేలమీదే బిగించి, అందరం కలిసి ఎత్తి నిలబెడితే అదే గోడ. నాకు బాగా నచ్చింది హరికేన్ క్లిప్. అరచేతిలో పట్టేంత వంచిన ఇనప రేకు, పైకప్పు దూలాన్ని గోడకి పట్టి ఉంచుతుంది. పెనుగాలి కప్పును పైకి లేపేస్తుంది, అందుకే దీనికంత ప్రాముఖ్యం. సూపర్‌వైజర్ నిచ్చెనెక్కి క్లిప్‌లో మేకు కొట్టే ఒక్కో రంధ్రం వేలితో తడిమి చూసేవారు. ఒక్క మేకు తగ్గినా మళ్లీ కొట్టాల్సిందే. మా ఊరి మేస్త్రీకి ఈ చాదస్తంలో సగం ఉన్నా బావుండేది!

ఇల్లు ఎవరికీ ఊరికే ఇవ్వరు. తీసుకునేవాళ్లు వాయిదాలు కట్టాలి, కొన్ని గంటలు ఒళ్లొంచి పనీ చేయాలి. మేం పని చేసిన ఇంటావిడ మాతోపాటే సుత్తి పట్టింది. గోడలు మూసెయ్యకముందు చెక్కల మీద మార్కర్‌తో పిల్లల పేర్లు రాసి, ఎవరి గది ఏదో మాకు చూపించింది.

ఈ ట్రిప్‌కి మేం ఫీజు కట్టి వెళ్లామంటే, “పనీ మీరే చేసి, డబ్బూ మీరే కట్టాలా?” అని మా ఇంట్లో అడిగారు. నావరకు ఆ ఫీజు దండగ కాదు. అలాగని మనం వెళ్తే ఇల్లు లేచిపోతుందనుకోకండి. మేం రోజంతా చేసింది ఇద్దరు వడ్రంగులు పూటలో చేసేస్తారు. పని నేర్చుకోవాలని ఉంటేనే వెళ్లండి, ఫొటోల కోసమైతే వద్దు.

ఊళ్లో బార్లతో నిండిన బర్బన్ స్ట్రీట్ ఒకసారి చాలు, రెండోసారికి కంపు తప్ప ఏమీ గుర్తుండదు. సెయింట్ చార్లెస్ స్ట్రీట్‌కార్ ఎక్కి చివరిదాకా వెళ్లడం దానికంటే ఎంతో నయం. కెఫే డు మాండ్ 1862 నుంచి ఉంది. అక్కడి చికోరీ కాఫీ మన ఫిల్టర్ కాఫీ నాలుకకి ఇట్టే అలవాటవుతుంది, కాకపోతే పొద్దున్నే తెరవగానే వెళ్లాలి, లేదంటే క్యూ. రెడ్ బీన్స్ అండ్ రైస్ చూస్తే అచ్చం రాజ్మా అన్నమే అనిపిస్తుంది, కానీ సాసేజ్ వేసి వండుతారు, శాకాహారులు అడక్కుండా తినొద్దు. మిగతావాళ్లకు మార్చి అంటే క్రాఫిష్ (పెద్ద రొయ్యల్లాంటివి) సీజన్. పౌండ్ల లెక్కన ఉడకబెట్టి పోస్తారు, పక్క టేబుల్ వాళ్లని చూసి తల తుంచడం నేర్చుకోండి.