స్క్రీనర్‌తో ఆరేళ్లు: పడబోయే ఐటీ షేరు ముందే తెలుస్తుందా?

కంపెనీల లెక్కలన్నీ ఒకే పేజీలో చూపించే స్క్రీనర్ సైటు ఒకటి ఆరేళ్లుగా వాడుతున్నాను. ఉచిత ఖాతానే. చేతిలో ఉన్న ఐటీ షేరు నీరసపడితే, ఇంకా పడుతుందా, ఇప్పుడే వదిలించుకోవాలా అన్నది తేల్చుకోవడానికే నాకిది.

ముందు చూసేది లాభం కాదు, ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారం వల్ల నిజంగా చేతికొచ్చిన డబ్బు. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు నా దగ్గరా, బామ్మర్ది దగ్గరా ఉండేవి (పేరెందుకులెండి). లాభం మూడేళ్లుగా పెరుగుతూనే ఉంది, క్యాష్ ఫ్లో మాత్రం మూడేళ్లూ మైనస్. డెటర్ డేస్, అంటే బిల్లు వేశాక డబ్బు చేతికి రావడానికి పట్టే రోజులు, 92 నుంచి 214కి చేరాయి. ప్రమోటర్, అంటే కంపెనీ అసలు యజమాని, తన వాటాలో సగానికి పైగా తాకట్టు పెట్టాడు. వెంటనే ఫోన్ చేసి చెబితే, "ఆర్డర్లు బోలెడున్నాయంట బావా, నువ్వూరికే టెన్షన్ పడతావు" అన్నాడు. నేను 61 రూపాయలకు అమ్మేశాను.

ఎనిమిది నెలల్లో అది 88కి పోయింది! సంక్రాంతికి వెళ్తే అందరి ముందూ ఆటపట్టించాడు. ఇక్కడే ఈ పద్ధతితో చిక్కు. పడేలా ఉందని తెలుస్తుంది గానీ ఎప్పుడో తెలీదు. క్యాష్ ఫ్లో లెక్క ఆరు నెలలకోసారే వస్తుంది. పోనీ పడితే లాభపడదామంటే, ఇలాంటి చిన్న షేర్లకు ఆప్షన్లు (ధర పడుతుందని పందెం కాసే కాంట్రాక్టులు) ఉండవు. మనలాంటివాళ్లు షార్ట్ చేస్తే, అంటే చేతిలో లేని షేరు ముందే అమ్మితే, మార్కెట్ మూసేలోపు తిరిగి కొనాల్సిందే. ఆ తర్వాత ఒకరోజు ఆడిటర్ రాజీనామా చేశాడు. మర్నాటి నుంచి వరసగా లోయర్ సర్క్యూట్లు, అంటే ఒక రోజులో పడనిచ్చే హద్దు దాకా ధర పడి అక్కడే ఆగిపోవడం. అమ్ముదామంటే కొనేవాడు లేడు.

అసలు లెక్కలే అబద్ధమైతే సైటు మాత్రం ఏం చేస్తుంది? 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేఖతో, పుస్తకాల్లోని 5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్తవేనని బయటపడింది. అంతకుముందు సెప్టెంబర్ త్రైమాసికానికి 24 శాతమని చూపిన ఆపరేటింగ్ మార్జిన్ (వంద రూపాయల అమ్మకంలో మిగిలేది) నిజానికి 3 శాతమే. ఏ స్క్రీనరైనా ఆ 24నే చూపించేది. ప్రమోటర్ల తాకట్టు చెప్పి తీరాలన్న నిబంధనను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చింది కూడా ఆ గొడవ తర్వాతే. అందుకే ఆ గడి మాత్రం ప్రతి త్రైమాసికం చూస్తాను.

కొత్తగా ఏం కొనాలో వెతుక్కునేవాళ్లకు ఇదెంత పనికొస్తుందో గానీ, అమ్మడానికి నాకు పనికొచ్చింది. ఐదుకి మూడున్నర ఇస్తా. బామ్మర్ది కూడా ఈమధ్యే ఖాతా తెరిచాడు. ఆ 400 షేర్లు మాత్రం ఇంకా వాడి డీమ్యాట్‌లోనే ఉన్నాయి.