డెంటింగ్, పెయింటింగ్ అయ్యాక రెండు ఎండాకాలాలు: మా కారు రంగు ఎలా నిలిచిందంటే

కడప, ఎర్రగుంట్ల మధ్య రోజూ తిరిగే కారుకు కొత్త రంగు వేయిస్తే ఎన్నాళ్లు ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. సగం పెయింటర్ చేతిలో ఉంటుంది, మిగతా సగం మొదటి రెండు మూడు నెలలు మనం దాన్ని ఎంత ముట్టుకోకుండా వదిలేశామన్న దాని మీద ఉంటుంది. మాది తెల్ల కారు. రివర్స్ చేస్తున్న లారీ తగిలి ఎడమవైపు రెండు డోర్లు, ఫెండర్, ముందు బంపర్ దెబ్బతిన్నాయి. కడపలోనే టింకరింగ్ చేయించి (సొట్టలు తీయించి), లప్పం పెట్టించి, పెయింట్ బూత్‌లో, అంటే రంగు కొట్టే మూసిన గదిలో, రంగు కొట్టించాం. రెండు ఎండాకాలాలు దాటాక కూడా ఆ డోర్లు కంపెనీ రంగు పక్కన తేడా తెలియకుండా ఉన్నాయి.

ఫ్యాక్టరీలో వైర్లూ సీట్లూ బిగించకముందే ఉత్త బాడీని 140 డిగ్రీల దాకా వేడి చేసి రంగు కాలుస్తారు. షెడ్డుకొచ్చిన కారులో ప్లాస్టిక్, వైరింగ్ అన్నీ ఉంటాయి కాబట్టి బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఓ అరగంట, అంతే. అందుకే క్లియర్ కోట్, అంటే గట్టిపడేందుకు హార్డనర్ కలిపి రంగు పైన కొట్టే పారదర్శక పొర, పైకి ఆరినట్టే కనిపించినా లోపలి థిన్నర్ వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది. మొదట్లో మధ్యాహ్నం ఎండకు డోరు వేడెక్కినప్పుడు దగ్గరికి వెళ్తే ఆ వాసన గుప్పున కొట్టేది. అంత పచ్చిగా ఉన్న రంగు మీద వ్యాక్సో, సిరామిక్ కోటింగో (రంగును కాపాడే గట్టి పూత) పూస్తే థిన్నర్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. "నెల రోజులు నీళ్లు తప్ప ఏం తగలనీయొద్దన్నా, మూడు నెలలు ఆగితే ఇంకా మంచిది" అన్నాడు మా పెయింటర్ భాయ్. డెలివరీ రోజే కోటింగ్ కూడా చేసేస్తామని ఎవరు ఎంత డిస్కౌంట్ ఇచ్చినా నేనైతే వద్దనే అంటాను.

మన వైపు అసలు శత్రువు దుమ్ము. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, ముద్దనూరు దగ్గర థర్మల్ పవర్ స్టేషన్. ఆ దారిలో పోయే లారీల వెనక పది నిమిషాలు నడిపితే బానెట్ మీద బూడిదరంగు పొర పేరుకుంటుంది. సిమెంటు దుమ్ములో సున్నం ఉంటుంది కదా, దాని మీద రాత్రి మంచు పడితే గట్టిపడి పట్టుకోవడమే కాదు, ఆ క్షారం రంగును తింటుంది. పొడి గుడ్డతోనో, కార్ల షాపుల్లో అమ్మే ఆ పెద్ద కుచ్చుల డస్టర్‌తోనో దాన్ని తుడవడం అంటే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. నేను ఇప్పటికీ ముందు పైనుంచి కిందికి నీళ్లు ధారగా వదిలి, దుమ్మంతా దానంతటది జారిపోయాకే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ పట్టుకుంటాను. అదీ నీడలో, బాడీ చల్లబడ్డాక. మొదటి నెల షాంపూ కూడా వాడలేదు, ప్రెషర్ వాటర్ గన్ అసలే లేదు.

ఆ నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మా బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయంటే బకెట్ అంచున తెల్లటి చార కడతాయి, అవే కారు మీద ఎండిపోతే గుండ్రటి మచ్చలు పడతాయి, పచ్చి రంగు మీద పడితే వదలవు. చాలా ఇళ్లలో ఆర్వో నుంచి బయటికి వచ్చే వేస్ట్ నీళ్లు పట్టి కారు కడుగుతుంటారు, వృథా చేయకూడదని. కానీ ఫిల్టర్ వదిలించుకున్న ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది, దయచేసి వాటితో కడగొద్దు. బోరు నీళ్లతో కడిగాక చివర్లో ఒక్క బకెట్ మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు పోసి వెంటనే తుడిచేస్తే చాలు, మచ్చలు రావు. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనిపించింది ఇక్కడే.

ఎండగా ఉందని వేపచెట్టు కింద పెడితే కాకుల బెడద. ఎండకు మెత్తబడ్డ క్లియర్ కోట్ మీద రెట్ట ఎండి, సాయంత్రం రంగు చల్లబడి బిగుసుకుంటే ఆ ఆకారం అలాగే అచ్చు పడిపోతుంది. అందుకే ఓ నీళ్ల బాటిల్, ఓ గుడ్డ కారులోనే ఉంచాను. తడిగుడ్డ దాని మీద వేసి రెండు నిమిషాలు నాననిచ్చి పైకి ఎత్తేయాలి, రుద్దకూడదు. ఆయుధపూజకు అమ్మ పసుపు కుంకుమ కలిపి తెస్తే బొట్లు అద్దం మీద, నంబర్ ప్లేటు మీద పెట్టించాను. తెల్ల రంగు మీద పసుపు మరక పడితే పోవడం కష్టం. పచ్చి రంగుకు గాలి ఆడాలని కారు కవర్ కూడా ఆ మొదటి నెలలన్నీ వేయకుండా మూలనే పడేశాం.

ఇక లోపాలు. మొదటి ఎండాకాలంలో వెనక డోరు మీద లప్పం పెట్టిన చోట సన్నటి అంచు గీత పైకి తేలింది, ఏటవాలుగా చూస్తేనే కనిపిస్తుంది. కింద లప్పం, ప్రైమర్ పూర్తిగా ఆరకముందే పైన రంగు కొడితే తర్వాత అవి ఇలా కుంగుతాయి. దానికి మన జాగ్రత్తలేవీ పనికిరావు, రంగు వేయించే ముందే తొందరపెట్టొద్దని చెప్పుకోవాలి. బంపర్ మీద హైవేలో ఎగిరిన కంకర రాళ్లకు చుక్కలు చుక్కలుగా రంగు లేచింది, అది కంపెనీ రంగుకైనా తప్పదు. అయితే డెలివరీ రోజు మిగిలిన బేస్ కోట్ (క్లియర్ కింద ఉండే అసలు రంగు) చిన్న సీసాలో అడిగి తీసుకున్నాను, ఇప్పుడు టచప్‌కు అదే వాడుతున్నాను. క్లియర్‌లో హార్డనర్ కలిపేశాక కొన్ని గంటల్లోనే గట్టిపడిపోతుంది, దాచుకోలేం. బేస్ కోట్ మాత్రం మూత బిగించి, చల్లటి చోట ఉంచితే చాలాకాలం ఉంటుంది. మీరూ అడగండి, సీసా మీద కలర్ కోడ్ (ఆ రంగుకు కంపెనీ ఇచ్చే గుర్తు) కూడా రాయించుకోండి.