సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందే రీసెట్ చేయించి చూడండి

"ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇస్తున్నాం" అని అమ్మేవాళ్లు రాసిన మాటను నమ్మి ల్యాప్‌టాప్ కొనకండి. ఆ రీసెట్, అంటే లోపలివన్నీ చెరిపి విండోస్‌ను మళ్లీ ఎక్కించడం, మీ కళ్ల ముందు జరగాలి, అదీ వైఫై కలిపి ఉండగా జరగాలి. అయ్యాక మీ పేరుతో డెస్క్‌టాప్ తెరుచుకోవాలి. అప్పటిదాకా డబ్బు చేయి దాటనివ్వకండి. నేను కొన్నది చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది, నడవడమూ బాగానే నడిచింది. రీసెట్ చేశాకే దాని అసలు సంగతి బయటపడింది.

ఆఫీసుల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు తెచ్చి, తుడిచి, రీఫర్బిష్డ్ అని అమ్మేవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నాను. ప్రకటనలో మూడు మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: ఒరిజినల్ విండోస్ 11 ప్రో, ఫ్యాక్టరీ రీసెట్, ఆఫీస్ ఫ్రీ. ఇందులో మూడోది కనిపించగానే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలని ఇప్పుడు ఎవరికైనా చెబుతాను. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ డబ్బు పెట్టి కొనుక్కునే సరుకు. ఊరికే వేసి ఇస్తున్నారంటే అది క్రాక్ చేసిందే అయి ఉండడానికి అవకాశం చాలా ఎక్కువ.

ఆన్ చేయగానే నేరుగా డెస్క్‌టాప్ వచ్చేసింది. "యూజర్" అనే అకౌంట్, పాస్‌వర్డ్ లేదు. నిజంగా రీసెట్ చేసిన ల్యాప్‌టాప్ అలా తెరుచుకోదు. ఏ దేశం, ఏ కీబోర్డు, ఏ వైఫై అని ఒక్కొక్కటే అడుగుతూ మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ చూస్తే ప్రో అని కాదు, పెద్ద సంస్థలు వాడే ఎంటర్‌ప్రైజ్ రకం అని ఉంది. అక్కడే యాక్టివేషన్ (ఈ విండోస్‌కి సరైన లైసెన్స్ ఉందా అని చూసే చోటు) నొక్కితే, మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా విండోస్ యాక్టివేట్ అయింది అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం. నాకు ఏ సంస్థా లేదు.

ఆ వాక్యం వెనక సంగతి ఇదీ. పెద్ద సంస్థలు ఒక్కో కంప్యూటర్‌కి విడిగా లైసెన్స్ కీ కొట్టకుండా, కేఎంఎస్ అనే పద్ధతిలో తమ సర్వర్‌తోనే అన్నిటినీ యాక్టివేట్ చేసుకుంటాయి. అలా చేసింది 180 రోజులు చెల్లుతుంది, ఆలోగా సర్వర్‌తో మళ్లీ మాట్లాడి గడువు పొడిగించుకుంటూ పోతుంది. సర్వర్ లేనివాళ్లు ఒక దొంగ సాఫ్ట్‌వేర్‌ను లోపల కూర్చోబెట్టి అదే సర్వర్ అన్నట్టు విండోస్‌ను నమ్మిస్తారు. దాన్ని యాంటీవైరస్ పట్టేసుకోకుండా ముందే ఏర్పాటు కూడా చేస్తారు. నా దాంట్లో విండోస్ సెక్యూరిటీ తెరిచి ఎక్స్‌క్లూజన్స్ చూస్తే, స్కాన్ చేయొద్దు అని పక్కన పెట్టిన ఫోల్డర్ ఒకటి అప్పటికే ఉంది. నేను ఇంకా ఒక్క ఫైలు కూడా పెట్టని ల్యాప్‌టాప్‌లో, ఎవరో నా యాంటీవైరస్‌కి "ఈ గదిలోకి మాత్రం చూడకు" అని చెప్పి వెళ్లారన్నమాట. అలాంటి దాంట్లో బ్యాంకు పాస్‌వర్డ్ ఎలా కొడతాం?

అందుకే రీసెట్ మొదలుపెట్టాను. అంతకుముందు ఈ పని ఎప్పుడూ చేయలేదు గానీ, చేయడం కష్టమేమీ కాదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ రీసెట్ పీసీ. విండోస్ 10 అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలో రికవరీ. మొదటి ప్రశ్న ఫైళ్లు ఉంచాలా, అన్నీ తీసేయాలా అని. వేరేవాళ్లు వాడిన ల్యాప్‌టాప్‌కి రిమూవ్ ఎవ్రీథింగ్ ఒక్కటే సరైన జవాబు. రెండోది క్లౌడ్ డౌన్‌లోడా, లోకల్ రీఇన్‌స్టాలా అని. లోకల్ అంటే ఆ డిస్క్‌లో ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే మళ్లీ కట్టుకుంటుంది. క్లౌడ్ అంటే మైక్రోసాఫ్ట్ నుంచి కొత్తగా దించుకుంటుంది, దగ్గరదగ్గర 4 జీబీ డేటా అవుతుంది. లోపల ఎవరు ఏం చేశారో తెలియనప్పుడు ఆ 4 జీబీ దగ్గర పిసినారితనం వద్దు. ఛార్జర్ తప్పకుండా పెట్టి ఉంచండి. మధ్యలో శాతం కదలకుండా చాలాసేపు ఆగినట్టు కనిపిస్తుంది, స్క్రీన్ నల్లబడి మళ్లీ వెలుగుతుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి.

నా రీసెట్ ఏ అడ్డంకీ లేకుండా పూర్తయింది. దేశం అడిగింది, కీబోర్డు అడిగింది, వైఫై కలిపాను. కాసేపు అప్‌డేట్లు చూసుకుంది. తర్వాత వచ్చిన స్క్రీన్ మీద నేను ఎప్పుడూ వినని ఒక కంపెనీ పేరు, "స్వాగతం" అని. దాని కింద ఒకే ఒక్క పెట్టె: మీ కంపెనీ ఈమెయిల్ ఇవ్వండి. సొంతానికి వాడుకుంటాను అని చెప్పే దారే లేదు. ఆపి మళ్లీ ఆన్ చేసినా అక్కడికే వస్తుంది.

దీన్ని విండోస్ ఆటోపైలట్ అంటారు. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ గుర్తులను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసుకుంటాయి. కొత్తగా సెటప్ అవుతున్న ప్రతిసారీ విండోస్ నెట్‌లోకి వెళ్లి, నేను ఎవరిదాన్ని అని అడుగుతుంది. అక్కడ కంపెనీ పేరు ఉంటే ఆ కంపెనీ తలుపు దగ్గరే నిలబెట్టేస్తుంది. ఉద్యోగి చేతికి సీలు తీయని ల్యాప్‌టాప్ ఇచ్చినా దానంతట అదే సిద్ధమవడానికి పెట్టిన సదుపాయం ఇది, అందులో తప్పేమీ లేదు. కంపెనీ దాన్ని వదిలించుకునేటప్పుడు జాబితాలోంచి పేరు తీయకపోవడంతోనే గొడవంతా. ఇది డిస్క్‌లో ఉండే తాళం కాదు కాబట్టి కొత్త ఎస్‌ఎస్‌డీ (డిస్క్) వేసినా, విండోస్ పదిసార్లు ఎక్కించినా పోదు. మదర్‌బోర్డు అదే ఉన్నంతకాలం గుర్తుపడుతుంది. మామూలుగా దాన్ని తీసేది ఆ కంపెనీ ఐటీ వాళ్లే.

అమ్మినవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను. ఫోన్ చేసి విషయం చెప్పగానే అవతలి నుంచి వచ్చిన మొదటి మాట, "రీసెట్ ఎందుకు చేశారండీ? మేం చేసే ఇచ్చాం కదా!" రెండో మాట, "పెన్ డ్రైవ్ పంపిస్తాం, వైఫై కలపకుండా ఎక్కించుకోండి, ఏం కాదు." అంటే నెట్ లేకుండా సెటప్ చేస్తే ఆ ప్రశ్నే రాదని వాళ్లకి బాగా తెలుసు. "యూజర్" అనే అకౌంట్ అలా పుట్టిందే. అలా వాడుకుంటే ఏం పోయింది అని కొందరు అనొచ్చు. పోయేది రెండు. ఎప్పుడు రీసెట్ చేయాల్సి వచ్చినా మళ్లీ ఆ తలుపు దగ్గరికే రావాలి. అంతకంటే పెద్దది, అది కంపెనీ నిజంగా అమ్మేసిన ల్యాప్‌టాపో, లీజుకి తెచ్చి తిరిగి ఇవ్వనిదో, దొంగిలించిందో మనకి తెలియదు. ఇంకొకరి పేరు మీద ఉన్న వస్తువుకి డబ్బు కట్టి టెన్షన్ కొనుక్కోవడం ఎందుకు?

యాపిల్ అయినా ఈ బాధ తప్పదు. సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్‌లో సిస్టమ్ రిపోర్ట్ తెరిచి, హార్డ్‌వేర్ దగ్గర యాక్టివేషన్ లాక్ (పాత యజమాని అకౌంట్‌తో వేసిన తాళం) డిజేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. తర్వాత ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ చేయించి, నెట్ కలిపి, ఇంకా ఏదో సంస్థ పేరు మీదే ఉందని చెప్పే రిమోట్ మేనేజ్‌మెంట్ స్క్రీన్ రాలేదని నిర్ధారించుకోండి. స్కూళ్లు, కంపెనీలు వాడిన క్రోమ్‌బుక్‌లూ అంతే, పవర్‌వాష్ (వాటిలో రీసెట్) చేస్తే పాత యజమాని పేరు పైకొస్తుంది.

విండోస్‌లో రీసెట్ నొక్కగానే రికవరీ ఎన్విరాన్‌మెంట్ (రీసెట్ చేసే భాగం) దొరకలేదు అని వస్తే దానికీ ఒక అర్థం ఉంది. అమ్మినవాళ్లు డిస్క్ మార్చో, ఒకే కాపీని అన్నిటిలోకీ ఎక్కించో ఉండొచ్చు, ఆ హడావిడిలో రికవరీ భాగం పోయి ఉండొచ్చు. తయారీదారు నుంచి వచ్చినప్పటి అసలు విండోస్ కాపీ కూడా అలాంటి దాంట్లో ఉండకపోవచ్చు. కాబట్టి "ఫ్యాక్టరీ" అన్న మాటను అక్కడే అనుమానించాలి. ఇక దారి పెన్ డ్రైవే. కనీసం 8 జీబీది తీసుకుని, వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి తయారుచేసుకోవాలి. ఆ పెన్ డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే కాపీ తీసుకోండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న కొన్నిటిలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ పాడైందని ఎవరైనా కొత్తది అంటగట్టబోతే ఆగండి. ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ ఉంటుంది, అది లోడ్ చేస్తే చాలావరకు డిస్క్ కనిపిస్తుంది.

లైసెన్స్ గురించి భయం అక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 తర్వాత, విండోస్‌తో కలిపి అమ్మిన బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటోంది. సరైన ఎడిషన్ ఎక్కించి నెట్ కలిపితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. రీసెట్ మాత్రం ఉన్న ఎడిషన్‌నే మళ్లీ ఎక్కిస్తుంది. నా దాంట్లోలా దొంగ ఎంటర్‌ప్రైజ్ ఉంటే, రీసెట్ తర్వాతా ఎంటర్‌ప్రైజే, ఈసారి యాక్టివేషన్ లేకుండా.

డిస్క్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగే స్క్రీన్ వేరే కథ. కొన్నదాంట్లో అది వస్తే లోపలి డేటా మనది కాదు కాబట్టి పెన్ డ్రైవ్‌తో అంతా చెరిపేసి ఎక్కించుకోవచ్చు. సొంత పాత ల్యాప్‌టాప్ రీసెట్ చేసేవాళ్లు మాత్రం ముందే తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి రాసిపెట్టుకోండి. కీ లేకపోతే ఫైళ్లు తిరిగి రావు.

నా డబ్బు చివరికి వెనక్కి వచ్చింది, తేలిగ్గా మాత్రం రాలేదు. రీసెట్ చేసింది మీరే కాబట్టి వారంటీ పోయింది అని వాదించారు. పనికొచ్చినవి రెండే: కొన్న రోజే తీసిపెట్టుకున్న ప్రకటన స్క్రీన్‌షాట్, ప్యాకెట్ విప్పడం దగ్గర్నుంచి ఆ కంపెనీ స్క్రీన్ దాకా తీసిన వీడియో. అందుకే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు రీసెట్‌ని వచ్చిన రోజే, రిటర్న్ గడువులోనే, మీ ఫైళ్లేవీ ఎక్కించకముందే చేయండి. తర్వాత చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది. ఆ మధ్య చూస్తే టచ్‌ప్యాడ్ పక్కన అదే గీతతో నా ల్యాప్‌టాప్ ఫోటో మళ్లీ అమ్మకంలో ఉంది.

ఇప్పటికే అలాంటి స్క్రీన్ ముందు ఇరుక్కున్నవాళ్లు ఉంటే, దాంట్లో ఏ ఈమెయిలూ కొట్టకండి. ఫోటో తీయండి, అడుగున స్టిక్కర్ మీద ఉండే సీరియల్ నంబర్ రాసుకోండి, కొన్న రసీదు జతచేసి ఆ కంపెనీ ఐటీ విభాగానికి నేరుగా రాయండి. నిజంగా అమ్మేసిందే అయితే ఆటోపైలట్ జాబితాలోంచి తీసేయమని అడగండి, వాళ్ల వైపు అది చిన్న పనే. మాది ఇంకా అమ్మలేదు అని జవాబు వస్తే ఆ జవాబునే అమ్మినవాళ్లకీ, మీరు డబ్బు కట్టిన పేమెంట్ సంస్థకీ పంపండి. ఈలోగా డబ్బిస్తే అన్‌లాక్ చేస్తాం అని వచ్చేవాళ్లకి పైసా ఇవ్వకండి. వాళ్లు చేసేది వైఫై లేకుండా ఎక్కించడమే.